పాత ఆసిలేటర్లకు కొత్త ఊపిరి

క్వార్ట్జ్ స్ఫటికాన్ని సర్క్యూట్‌లో కలిపితే నిర్దిష్ట పౌనఃపున్యంతో కంపిస్తుంది. ఉష్ణోగ్రత మారితే పౌనఃపున్యమూ మారుతుంది. అందుకే కచ్చితమైన ఆసిలేటర్లలో స్ఫటికాన్ని చిన్న ఓవెన్‌లో సుమారు 80 డిగ్రీల సెల్సియస్ వద్ద ఉంచుతారు. బస్తర్‌లోని బీజాపూర్‌లో వేసవి ఎండ 40 డిగ్రీలు దాటినా లోపలి వేడి దాదాపు మారదు.

1980ల నాటి హెచ్‌పీ 10811 అలాంటిదే. సెకనుకు కోటిసార్లు కంపించే దీని పౌనఃపున్యం, స్థిరపడ్డాక రోజుకు 200 కోట్లలో ఒక వంతుకు మించి మారదు.

ఇలాంటివాటిని బాగుచేయడం కొందరు ఎలక్ట్రానిక్స్ ప్రియుల అభిరుచి. తరచూ పాడయ్యేది స్ఫటికం కాదు. ఓవెన్‌లోని థర్మల్ ఫ్యూజో, కెపాసిటరో. దాన్ని మార్చి, కొన్ని వారాలు ఆపకుండా నడిపి, జీపీఎస్ సంకేతంతో పోల్చుతూ సర్దుబాటు స్క్రూ తిప్పుతారు. స్ఫటికంలో తయారీనాటి ఒత్తిళ్లు ఏళ్ల తరబడి సడలుతాయి. అందుకే బాగుచేసిన పాతది కొత్తదానికన్నా నిలకడగా ఉండవచ్చు.