నాన్న కుర్చీలో కొడుకు... ఆ ఒక్క రాత్రి!

హాల్లో పట్టేది ఇరవై వేల లోపు జనం. టికెట్ కావాలంటూ ఇంటర్నెట్‌లో వచ్చిన అభ్యర్థనలు 2 కోట్లు! సినిమా టికెట్ల కోసం చొక్కాలు చింపుకున్న చరిత్ర మనకీ ఉంది గానీ, ఇది మరీ విడ్డూరం. 2007 డిసెంబర్ 10న లండన్‌లోని ఓ2 అరీనాలో ‘లెడ్ జెప్పెలిన్’ మళ్లీ కలిసి వాయించబోతోందని తెలిశాక జరిగిన హడావుడి ఇది.

టికెట్ ధర 125 పౌండ్లు. అప్పటి లెక్కలో మన పదివేల రూపాయలు. లాటరీలో పేరొచ్చినవాళ్లకే టికెట్లు, మనిషికి రెండే. బ్లాకులో అమ్ముకోకుండా గుర్తింపు కార్డు చూసి, చేతికి పట్టీ కట్టి మరీ లోపలికి పంపారు. బీబీసీ ఓ సేవా నిధి కోసం రెండు టికెట్లు వేలం వేస్తే, ఒక అభిమాని 83 వేల పౌండ్లకి పాడుకున్నాడు. అంటే సుమారు 66 లక్షలు!

అంత మోజు ఎందుకంటారా? 1968లో లండన్‌లో జట్టు కట్టిన నలుగురు కుర్రాళ్లు వాళ్లు. గిటార్ జిమ్మీ పేజ్, పాట రాబర్ట్ ప్లాంట్, బేస్, కీబోర్డు జాన్ పాల్ జోన్స్, డ్రమ్స్ జాన్ బోన్‌హామ్. డెబ్బైల్లో స్టేడియాలు నింపేశారు. 1980 సెప్టెంబర్‌లో, అతిగా తాగి పడుకున్న బోన్‌హామ్ నిద్రలోనే పోయాడు. 32 ఏళ్లకే. ఇంకొకణ్ని పెట్టుకుని బండి నడిపించొచ్చు. చాలా బ్యాండ్లు అదే చేశాయి కూడా. వీళ్లు మాత్రం అతను లేకుండా మేం లేమని డిసెంబర్‌లో ప్రకటించి ఎవరిదారిన వాళ్లు వెళ్లిపోయారు.

మధ్యలో ఒకటి రెండుసార్లు కలవకపోలేదు. 1985లో ‘లైవ్ ఎయిడ్’ కోసం ఫిలడెల్ఫియాలో ఎక్కారు. సరైన రిహార్సల్ లేదు, ప్లాంట్ గొంతు బొంగురుపోయింది, గిటార్ శ్రుతి కుదరలేదు. తర్వాత డీవీడీ వేస్తామంటే మా భాగం వద్దన్నారు. అంత చేదుగా మిగిలింది.

మరి 2007లో ఎందుకు ఒప్పుకున్నారు? అట్లాంటిక్ రికార్డ్స్ స్థాపకుల్లో ఒకడైన అహ్మెట్ ఎర్టెగన్ కోసం. కొత్త కుర్రాళ్లుగా ఉన్నప్పుడు వీళ్లని నమ్మి ఒప్పందం రాసిన టర్కీ పెద్దమనిషి ఆయన. 2006 డిసెంబర్‌లో కన్నుమూశాడు. ఆయన పేరిట విద్యార్థులకు స్కాలర్‌షిప్పులిచ్చే నిధికి ఈ కచేరీ. నిజానికి నవంబర్ 26నే జరగాలి. పేజ్ వేలు విరగడంతో రెండు వారాలు వెనక్కి జరిగింది.

ఇక అసలు ప్రశ్న: డ్రమ్స్ ఎవరు? జేసన్ బోన్‌హామ్. జాన్ కొడుకు. తండ్రి పోయేనాటికి పద్నాలుగేళ్లవాడు, ఆ రాత్రికి నలభై ఒకటి. తండ్రి బతికున్నదానికంటే పెద్దవాడై తండ్రి కుర్చీలో కూర్చున్నాడు. వారసుడు తెర మీదకొస్తే తండ్రితో పోల్చి చూడటం మనకి కొత్త కాదు కదా! అక్కడా అంతే.

కచేరీ ఎలా మొదలైందో చూడండి. తెర మీద 1973 నాటి పాత టీవీ వార్త. ఫ్లోరిడాలోని టాంపాలో వీళ్లకోసం పోటెత్తిన జనం గురించి. అది అయిపోగానే ‘గుడ్ టైమ్స్ బ్యాడ్ టైమ్స్’. వాళ్ల మొదటి ఆల్బమ్‌లో మొదటి పాట. ఒక్క పెడల్ మీద, ఒంటి కాలితో జాన్ బోన్‌హామ్ గుప్పించిన వేగం విని, వాయించేవాళ్లే రెండు పెడళ్లున్నాయేమో అనుకున్న పాట అది! వేరే పాటతో నెమ్మదిగా మొదలుపెట్టొచ్చు. కొడుకుని నేరుగా ఆ పాటలోకే దింపారు. నెగ్గాడు. నా దృష్టిలో ఆ కచేరీ నిలబడింది ఆ మొదటి మూడు నిమిషాల్లోనే.

ముందున్న ముగ్గురూ అరవైకి అటూ ఇటూ ఉన్నవాళ్లు. పేజ్ జుట్టు ముగ్గుబుట్ట. ప్లాంట్ కోసం కొన్ని పాటల శ్రుతి తగ్గించారు. దాన్ని లోపమనేవాళ్లున్నారు గానీ, యాభై తొమ్మిదేళ్ల మనిషి ఇరవైలోలా కేకపెట్టబోయి అభాసుపాలు కావడం కంటే అదే మర్యాద. రెండు గంటలకి పైగా పదహారు పాటలు. ‘స్టెయిర్‌వే టు హెవెన్’ అయ్యాక ప్లాంట్ పోయిన అహ్మెట్‌ని పేరుపెట్టి పిలిచి, చేసి చూపించాం అన్నాడు. తర్వాత ‘కాశ్మీర్’. పేరు మనదే గానీ పాట పుట్టింది మొరాకో ఎడారి దారిలో. అది రాసేనాటికి ప్లాంట్ మన కాశ్మీర్ చూడనేలేదు! ఆ పాటకి డ్రమ్స్ ఏనుగు నడకలా ఒకే బరువుతో సాగాలి. తొందరపడితే చెడిపోతుంది. జేసన్ తొందరపడలేదు.

మర్నాటి నుంచి అందరిదీ ఒకటే మాట: ప్రపంచ యాత్ర ఎప్పుడు? ప్లాంట్ వద్దన్నాడు. అప్పటికే ఆలిసన్ క్రౌస్‌తో కలిసి చేసిన ఆల్బమ్ పాటలతో ఊళ్లు తిరగడానికి వెళ్లిపోయాడు. మిగతా ముగ్గురూ వేరే గాయకులతో ప్రయత్నించి 2009 మొదట్లో మానుకున్నారు. అభిమానులు ప్లాంట్‌ని తిట్టిపోశారు. అయితే ఏళ్ల తరబడి ‘ఇదే చివరిది’ అంటూ వీడ్కోలు యాత్రలు చేసే బ్యాండ్లని చూస్తుంటే, ఆయన చేసిందే సబబనిపిస్తుంది. 2025లో ఓయాసిస్ అన్నదమ్ములు పదహారేళ్ల అలక మాని నలభైకి పైగా కచేరీలు చేశారు. వాళ్లది వేరే సంగతి. అన్నదమ్ములిద్దరూ ఉన్నారు. ఇక్కడ రావాల్సిన నాలుగోవాడు రాలేడు.

ఆ రాత్రిని సినిమాగా తీసి ‘సెలబ్రేషన్ డే’ పేరుతో 2012లో థియేటర్లలో వేశారు. 2 కోట్లమందిలో టికెట్ దొరకనివాళ్లకి మిగిలింది అదే. జేసన్ మాత్రం ఆగలేదు. 2010 నుంచీ సొంత బృందం కట్టుకుని, నాన్న పాటలు వాయిస్తూ ఊరూరా తిరుగుతున్నాడు.