కుర్చీ ఎక్కాక కాదు, ఎక్కకముందే

అబిడ్స్, నాంపల్లి చుట్టుపక్కల నాలుగడుగులు వేస్తే హైదరాబాద్ చదువుల చరిత్ర చాలావరకు తారసపడుతుంది. 1834 నాటి సెయింట్ జార్జెస్ గ్రామర్ స్కూల్, గన్‌ఫౌండ్రీలో ఆలియా, మహబూబియా పాఠశాలలు, ఎల్‌బీ స్టేడియం ఎదుట రాష్ట్ర విద్యా పరిశోధన, శిక్షణ మండలి. ఆ పేరున్న సంస్థల నీడలోనే బస్తీల ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలలూ నడుస్తున్నాయి, కొన్నిచోట్ల ఒకే భవనంలో రెండు మూడు బడులు. రేపు వాటిని నడిపేదెవరంటే మన దగ్గరున్న జవాబు సీనియారిటీ జాబితా. ఆ జాబితాలోని టీచర్లను ముందునుంచే ఆ పనికి సిద్ధం చేయాలన్న ఆలోచన మాత్రం బలహీనంగా ఉంది.

విద్యాహక్కు చట్టం లెక్క చూడండి. ప్రాథమిక పాఠశాలలో పిల్లలు 60 మంది లోపుంటే ఇద్దరు టీచర్లు చాలు. 150 దాటితేనే అయిదుగురు టీచర్లతోపాటు ఒక ప్రధానోపాధ్యాయుడు. అంటే చిన్న బడిలో సెకండరీ గ్రేడ్ టీచరే (ఎస్‌జీటీ) ఇన్‌ఛార్జి ప్రధానోపాధ్యాయుడు (హెచ్‌ఎం). హాజరు నమోదు, మధ్యాహ్న భోజనం లెక్క, బడుల సమాచార వ్యవస్థ యూడైస్‌కు వివరాలు, చుట్టుపక్కల బడులన్నీ కలిసే కాంప్లెక్స్ సమావేశం, మధ్యలో ఏదో సంతకానికి వచ్చిన తల్లి. ఇవన్నీ చూసుకుంటూనే రెండు మూడు తరగతులకు పాఠం చెప్పాలి. చదవలేకపోతున్న పిల్లలెవరో గుర్తించడం, తోటి టీచర్ పాఠాన్ని గమనించి సలహా ఇవ్వడం, తల్లిదండ్రులను బడికి దగ్గర చేయడం వెనకబడతాయి. బడి బాగుపడేదేమో వీటితోనే.

శిక్షణలు లేవని కాదు. 2012లో జాతీయ స్థాయిలో పాఠశాల నాయకత్వ కేంద్రం ఏర్పడింది. 2019లో వచ్చిన నిష్ఠ కార్యక్రమం ఎలిమెంటరీ టీచర్లతోపాటు హెడ్మాస్టర్లనూ కలుపుకుంది. 2020 జాతీయ విద్యావిధానం హెచ్‌ఎంలకు ఏటా 50 గంటల శిక్షణ ఉండాలంది. కానీ వీటి చూపు ఎక్కువగా కుర్చీలో కూర్చున్నవారి మీదే. సింగపూర్‌లో కాబోయే ప్రిన్సిపాళ్లను ఎంపిక చేసి, పదవికి ముందే నెలల తరబడి పూర్తికాలపు కోర్సుకు పంపుతారు. ఈత నేర్పాల్సింది ఏట్లోకి తోయకముందే కదా.

ఎంపిక మొదలుపెడితే పైరవీలు వస్తాయని టీచర్ల అనుమానం. అది కొట్టిపారేసేది కాదు. అందుకే పదోన్నతికి సీనియారిటీని అలాగే ఉంచి, తయారీని మాత్రం కోరిన ప్రతి టీచరుకూ అందుబాటులో పెట్టాలి. ఇద్దరు టీచర్ల బడికి నాయకత్వం దేనికన్నది మరో వాదన. పెద్ద హైస్కూల్లో పని పంచుకోవడానికి పదిమంది ఉంటారు. ఇక్కడ ఒక్కరి అసమర్థత బడినే మూతబడే దాకా తీసుకెళ్లగలదు. టీచర్లు శిక్షణలకు పోతే పాఠాలు ఆగుతాయన్నదీ నిజమే. అయితే దీనికి కొత్త భవనాలు, పొడవాటి సెలవులు అక్కర్లేదు. కాంప్లెక్స్ సమావేశాన్ని వంతులవారీగా యువ ఎస్‌జీటీ నిర్వహించాలి. ఒక టర్మ్ బడి యాజమాన్య కమిటీ బాధ్యత, మరో టర్మ్ పఠన సామర్థ్యాల సమీక్ష అప్పగించాలి. అనుభవజ్ఞుడైన హెచ్‌ఎం పక్కనుండి సరిదిద్దాలి.

ఇప్పుడు ఎస్‌జీటీగా చేరుతున్న వారిలోంచే రేపటి హెచ్‌ఎంలు రావాలి. వారి తయారీ పదోన్నతి ఉత్తర్వు చేతికొచ్చిన రోజున కాదు, ఉద్యోగంలో చేరిన తొలి ఏళ్లలోనే మొదలుకావాలి. విద్యాశాఖ ముందుగా కొన్ని కాంప్లెక్సుల్లో దీన్ని అమలుచేసి చూడాలి.