విదేశీ కోర్టు కాగితం వస్తే...

మా చోడవరం చుట్టుపక్కల బెల్లం అమ్మిన డబ్బుతో కొడుకుని చదివించి అమెరికా పంపిన రైతులున్నారు. అమెరికా అల్లుడు దొరికాడని ఎకరం పొలం అమ్మి కట్నం ఇచ్చిన వాళ్ళూ ఉన్నారు. పెళ్ళి మన ఊళ్ళో, మన పురోహితుడి చేతిమీదుగానే జరుగుతుంది. కాపురం చెడితే మాత్రం విడాకుల కాగితం అక్కడి కోర్టు నుంచి వస్తుంది. అది చేతిలో పడ్డ ఆడపిల్ల ఎవరి దగ్గరికి వెళ్ళాలి?

నేను ఇక్కడి కోర్టులో ప్రాక్టీసు చేస్తున్న లాయర్ని. ఆమధ్య ఒక తల్లి కూతుర్ని వెంటబెట్టుకుని వచ్చింది. "లాయరమ్మగారూ, ఈ కాయితాల్లో ఏటుందో సూడండి. కొరియరోడు ఇచ్చెళ్ళాడు" అంది. కాలిఫోర్నియా కోర్టులో అల్లుడు వేసిన విడాకుల కేసు అది. జవాబుకి 30 రోజులు గడువు. అందులో అప్పటికే 11 రోజులు గడిచిపోయాయి. "మా వోళ్ళంతా జవాబియ్యొద్దంటన్నారు. మన పెళ్ళిని ఆళ్ళెలా రద్దు సేస్తారు?" అని ఆ తల్లి అడిగింది.

ఆ ప్రశ్నకి జవాబు చెప్పాలంటే మన తెలుగు దంపతుల కేసే ఒకటి చెప్పాలి. వాళ్ళ పెళ్ళి 1975లో తిరుపతిలో జరిగింది. తర్వాత భర్త అమెరికాలోని మిస్సోరీ కోర్టుకి వెళ్ళి, 1980లో విడాకుల డిక్రీ తెచ్చుకున్నాడు. మరుసటేడు యాదగిరిగుట్టలో ఇంకో పెళ్ళి చేసుకున్నాడు. మొదటి భార్య ఊరుకోలేదు. కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. 1991 జులైలో ఆ కోర్టు మిస్సోరీ డిక్రీ ఇక్కడ చెల్లదని చెప్పింది. హిందూ వివాహ చట్టంలో లేని కారణంతో, భార్య ఒప్పుకోని కోర్టు ఇచ్చిన విడాకులు అవి. భార్యకి నోటీసు అందినంత మాత్రాన సరిపోదనీ, అక్కడికి వెళ్ళి వాదించుకునే వీలు ఆమెకి ఉందో లేదో కూడా చూడాలనీ సుప్రీంకోర్టు స్పష్టం చేసింది.

ఈ తీర్పు చాలామందికి తెలుసు. కానీ అందులో ఒక ముఖ్యమైన సంగతిని మరిచిపోతారు. ఆవిడ మిస్సోరీ కోర్టుకి జవాబు రాసింది! 'ఈ జవాబు ఇస్తున్నంత మాత్రాన మీ కోర్టు అధికారాన్ని నేను ఒప్పుకున్నట్టు కాదు' అని అందులో తేటగా చెప్పింది. ఆ ముక్క ఆమెకి అండగా నిలిచింది. తనంతట తానుగా ఆ కోర్టుకి లోబడి వాదించుకున్నా, విడాకులకి సమ్మతించినా ఆ డిక్రీ ఇక్కడా చెల్లుబాటయ్యే అవకాశం ఉంది. అలాగని కాగితాన్ని బీరువాలో పడేసి కూర్చోనూ కూడదు. ఇక్కడ చెల్లని డిక్రీ అక్కడ చెల్లుతుంది. అక్కడి ఆస్తి, పిల్లలు, వీసా అన్నీ దాంతో ముడిపడి ఉంటాయి.

ఇద్దరు లాయర్లు కావాలి

అందుకే ఇలాంటి కేసుకి ఇక్కడొక లాయరు, అక్కడొక లాయరు కావాలి. చిక్కంతా అక్కడి లాయరు దగ్గరే. అమెరికాలో లాయరు లైసెన్సు ఏ రాష్ట్రానికి ఆ రాష్ట్రమే ఇస్తుంది. టెక్సాస్‌లో మనకి తెలిసిన లాయరు ఉన్నా కాలిఫోర్నియా కేసుకి అక్కరకు రాడు. ఫీజు డాలర్లలో!

అప్పుడు నాకు లా కాలేజీ స్నేహితురాలి కూతురు గుర్తొచ్చింది. అమెరికాలో ఎల్.ఎల్.ఎం. చదువుతోంది. ఆ అమ్మాయి తన లా స్కూల్లోని క్లినిక్కులో అడిగింది. క్లినిక్కంటే ఆస్పత్రి కాదు, ప్రొఫెసర్ల పర్యవేక్షణలో విద్యార్థులు పేదల కేసులు చూసే చోటు. వాళ్ళు కేసు తీసుకోలేదు గానీ, కాలిఫోర్నియాలో ఫీజు లేకుండా వాదించే లాయర్ల జాబితా పంపించారు. ఆ జాబితాలో ఒకావిడ ఒప్పుకున్నారు. తిరుపతి కేసు తీర్పు నేను పంపాను, అక్కడి నిబంధనలు ఆవిడ చెప్పారు. గడువుకి రెండు రోజుల ముందు మా అభ్యంతరం ఆ కోర్టులో దాఖలైంది. కేసు ఇంకా నడుస్తోంది. అయితే ఏకపక్షంగా ముగిసిపోలేదు. అమ్మాయి మాట కూడా ఆ ఫైల్లో ఉంది.

ఇదంతా ఒక స్నేహితురాలి కూతురు ఉండబట్టి జరిగింది. అలాంటి స్నేహితురాలు లేని అమ్మాయి సంగతేమిటి?

మన లా కాలేజీలు ఏం చేయొచ్చు?

ఒకప్పుడు విశాఖ జిల్లాలో ఉన్న చోడవరం, సబ్బవరం 2022 నుంచి అనకాపల్లి జిల్లాలోకి వచ్చాయి. ఆ సబ్బవరంలోనే దామోదరం సంజీవయ్య జాతీయ న్యాయ విశ్వవిద్యాలయం ఉంది. ఇక్కణ్ణుంచి బస్సెక్కి వెళ్ళొచ్చు. విశాఖలో ఆంధ్రా యూనివర్సిటీ లా కాలేజీ ఉండనే ఉంది. ప్రతి లా కాలేజీలో లీగల్ ఎయిడ్ క్లినిక్కు నడపాలని 2008 నాటి బార్ కౌన్సిల్ నిబంధనలు చెబుతున్నాయి. ఆఖరు సంవత్సరం విద్యార్థులే దాన్ని నడపొచ్చు.

విదేశీ యూనివర్సిటీలతో ఒప్పందాలంటే మనకి సదస్సులు, శాలువాలు, ఫొటోలు గుర్తొస్తాయి. విదేశీ లాయర్లు తమ దేశపు చట్టం మీద ఇక్కడ సలహా ఇచ్చేందుకు వీలుగా బార్ కౌన్సిల్ 2023 మార్చిలో నిబంధనలు ప్రకటించింది. కోర్టుల్లో వాదించడానికి మాత్రం వీల్లేదు. ఆ దారిలో ముందుగా వచ్చేది పెద్ద కంపెనీల పనే. దాన్ని కాదనను. కానీ ఇక్కడి క్లినిక్కుకీ అక్కడి క్లినిక్కుకీ మధ్య ఒక దారి వేస్తే చోడవరం అమ్మాయికి పనికొస్తుంది. ఏ రాష్ట్రంలో ఎన్ని రోజుల గడువు, ఎవరు ఉచితంగా వాదిస్తారు, మన తీర్పుని అక్కడి కోర్టుకి అర్థమయ్యేలా ఎలా రాయాలి అన్నవి విద్యార్థులు సిద్ధం చేసి పెట్టగలరు. వాళ్ళకీ అంతకన్నా మంచి పాఠం ఏముంటుంది?

పై దేశాల నుంచి మంచిని తెచ్చుకోవడం మన ఆడవాళ్ళకి కొత్తేమీ కాదు. రాజమండ్రిలో పుట్టిన దుర్గాబాయి దేశ్‌ముఖ్ 1953లో చైనా వెళ్ళినప్పుడు అక్కడి కుటుంబ న్యాయస్థానాల్ని పరిశీలించారు. వచ్చాక ఆ సంగతి జస్టిస్ ఛాగ్లా, జస్టిస్ గజేంద్రగడ్కర్, నెహ్రూలతో చర్చించారు. 1984లో కుటుంబ న్యాయస్థానాల చట్టం వచ్చింది. అది చూడ్డానికి ఆమె లేరు, 1981లోనే కన్నుమూశారు.

ఇవి గుర్తుంచుకోండి

కాగితం అందిన తేదీ రాసిపెట్టుకోండి. కవరు పారేయకండి. హేగ్ ఒప్పందం మన దేశానికి 2007 ఆగస్టు 1 నుంచి అమల్లో ఉంది. దాని ప్రకారం విదేశీ కోర్టు నోటీసు కేంద్ర న్యాయశాఖ ద్వారా రావాలి. నేరుగా పోస్టులో పంపే పద్ధతికి మన దేశం ఒప్పుకోలేదు. కాబట్టి నోటీసు ఎలా వచ్చిందనేది కూడా మీ వాదనలో ఒక భాగమే.

లాయరుకి చూపించకుండా దేనిమీదా సంతకం పెట్టకండి. ఆడవాళ్ళకి ఆదాయంతో పనిలేకుండా ఉచిత న్యాయసహాయం ఇవ్వాలని 1987 నాటి చట్టం చెబుతోంది. 15100కి ఫోన్ చేయొచ్చు, మీ దగ్గర్లోని కోర్టులో ఉన్న న్యాయసేవా సంస్థలోనూ అడగొచ్చు. జాతీయ మహిళా కమిషన్‌లో ఇలాంటి ఫిర్యాదుల కోసం 2009 నుంచి ప్రత్యేక విభాగం ఉంది.

సంబంధం ఖాయం చేసుకునేటప్పుడు అబ్బాయి జీతం ఎంతని అడుగుతాం. ఏ ఊళ్ళో, ఏ రాష్ట్రంలో, ఏ వీసా మీద ఉంటున్నాడో కూడా అడిగి, ఆ కాగితాల నకళ్ళు దగ్గర పెట్టుకోండి. అవి అవసరం రాకూడదనే కోరుకుందాం. వచ్చిన రోజున మాత్రం అమ్మాయి చేతిలో ఉండాలి.