పోడు చేనులో రిస్కు లెక్క: కొన్ని అపోహలు – వాస్తవాలు

సాంకేతికత, వ్యాపారం, సృజన, సాహసం అన్న మాటలు ఒకచోట చేరగానే హైదరాబాదు, బెంగళూరు నగరాల స్టార్టప్‌లు గుర్తుకు రావడం, అడ్డతీగల, రాజవొమ్మంగి, మారేడుమిల్లి వంటి ఏజెన్సీ మండలాలు నగరాల్లో పుట్టినదాన్ని ఆలస్యంగా అందుకునే చోట్లుగా మాత్రమే కనిపించడం ఇప్పటి ఆలోచనలో స్థిరపడిన అలవాటు. ఆ అలవాటును నిలబెడుతున్న అపోహల్లో మిగిలినవాటికి మూలమైనదాన్ని ముందుగా, కాస్త తీరికగా పరిశీలించవలసి ఉంది.

అపోహ: కొండ రైతుకు రిస్కంటే భయం, అందుకే కొత్తదనం అక్కడికి నిదానంగా చేరుతుంది.

జరగబోయేదాని అవకాశాన్ని లెక్కకట్టగలిగితే అది రిస్కు అనీ, లెక్కకు అందనిది అనిశ్చితి అనీ అమెరికన్ ఆర్థికవేత్త ఫ్రాంక్ నైట్ 1921లో విడదీసి చెప్పాడు. ఆ రెంటినీ ఎదుర్కొనే ఉపాయాన్ని కొండరెడ్డి, కోయదొర కుటుంబాలు పోడు చేనులో తరతరాలుగా ఆచరిస్తూ వచ్చాయి. పోడు అంటే కొండవాలున చెట్టూ చేమా నరికి, ఎండిన కొమ్మలను కాల్చి, ఆ బూడిదనే ఎరువుగా చేసుకుని కొన్నేళ్లు సాగుచేసి, సారం తగ్గాక ఆ చోటును తిరిగి అడవికి వదిలిపెట్టే సాగు. ఆ చేనులో సామలు, చోళ్లు, జొన్న, కంది, బొబ్బర్లు కలగలిపి చల్లుతారు; వాటి కోతకాలాలూ, వేళ్ల లోతూ, బెట్టను తట్టుకునే తీరూ వేరువేరు కనుక ఒక పైరుకు వాన ఎదురుతిరిగినా మరొకటి గాదెకు చేరే అవకాశం మిగులుతుంది, కాకపోతే అన్నీ ఒకేసారి విరగపండడం కూడా అరుదే. ఎకరా దిగుబడిని కొలిచేవారికి ఇది వెనకబాటు. గాదె పూర్తిగా ఖాళీ కాని ఏళ్లను లెక్కపెట్టేవారికి ఇది నష్టాన్ని పంచి బలహీనపరిచే విద్య. పెట్టుబడిని నాలుగు చోట్ల పెట్టమని చెప్పే నగర సలహాదారు ఇదే విద్యకు రుసుము కూడా తీసుకుంటాడు.

చేను మొత్తంగా పోయిన ఏడు ఆదుకునేది అడవి. దుంపలు, చింతపండు, తేనె, జీలుగు కల్లు బీమా సొమ్ములా అప్పుడు అక్కరకొస్తాయి. అంతవరకు స్వేచ్ఛగా గీసుకున్న కల్లును పన్నులకు, గుత్తేదారులకు అప్పగించడం 1879 నాటి రంప తిరుగుబాటు కారణాల్లో ఒకటి. 1882 నాటి మద్రాసు అటవీ చట్టం పోడును కూడా కట్టడి చేసింది. అల్లూరి సీతారామరాజు దళం 1922 అక్టోబరులో అడ్డతీగల పోలీసు స్టేషనుపై దాడి చేయడాన్ని స్వాతంత్ర్య చరిత్రగా చదవడమే పరిపాటి అయినా, బీమాను కోల్పోయిన ప్రజల ఆర్థిక చరిత్రగానూ దాన్ని చదవవచ్చు. రిస్కు అంటే ఏమిటో తెలియనివారు కారు వారు. నష్టం ఎవరి నెత్తిన పడుతుందో బాగా తెలిసినవారు.

అపోహ: అరకు కాఫీ ఒక బ్రాండు మలచిన నేటి అద్భుతం.

తూర్పు కనుమల్లో కాఫీ మొదట నాటింది అరకులో కాదు, 1898లో బ్రాడీ అనే బ్రిటిష్ అధికారి పాములేరు లోయలో నాటించాడు. అది మారేడుమిల్లి వైపున్నది, అంటే అడ్డతీగలకు పొరుగే. అక్కడి నుంచి 2017లో పారిస్‌లో అరకు కాఫీ దుకాణం తెరుచుకోవడానికీ, 2019లో భౌగోళిక గుర్తింపు, అంటే ఫలానా ప్రాంతపు పంటకే ఆ పేరు చెల్లుతుందన్న చట్టపరమైన రక్షణ, లభించడానికీ నూరేళ్లకు పైగా పట్టింది. నీడకు సిల్వర్ ఓక్ చెట్లు, వాటిపైకి పాకించిన మిరియాల తీగలు, అడుగున కాఫీ మొక్కలు అన్న అమరికలో విడిగా ఏదీ కొత్తది కాదు. తెలిసినవాటి కొత్త కలయికే నవకల్పన అని జోసెఫ్ షుంపీటర్ 1911లో చెప్పినదానికి ఇంతకంటె చక్కని ఉదాహరణ వెతకనక్కరలేదు.

షుంపీటర్ మరో మాట కూడా అన్నాడు, అది అంతగా ప్రచారంలోకి రాలేదు: కొత్త కలయికను నడిపించేవాడు వ్యవస్థాపకుడు, నష్టాన్ని భరించేది మాత్రం పెట్టుబడి ఇచ్చినవాడు. నగరంలో ఈ ఇద్దరూ వేర్వేరు మనుషులు కావచ్చు. కొండ మీద భూమీ శ్రమా పెట్టేదీ, మొక్క కాపుకొచ్చే మూడు నాలుగేళ్లు ఎదురుచూసేదీ ఒకే కుటుంబం. అందుకే పాడేరు ఐటీడీఏ, అంటే సమగ్ర గిరిజనాభివృద్ధి సంస్థ, ఆ నిరీక్షణలో కొంత భారం మోయడాన్నీ, 1956లో ఏర్పడిన గిరిజన సహకార సంస్థ, అంటే జీసీసీ, పంటను కొనడాన్నీ పారిస్ దుకాణం కంటె ముందు చెప్పుకోవాలి.

అపోహ: చేతిలో ఫోను ఉంటే సరైన ధర దానంతట అదే వస్తుంది.

కాఫీకి కావలసిన ఎత్తు లేని అడ్డతీగల చుట్టూ జీడిమామిడి విస్తరించింది. సుమారు నాలుగు కిలోల పిక్కల నుంచి ఒక కిలో పప్పు వస్తుంది, పిక్కలను ఒలిచే పనిలో విలువ పెరుగుతుంది, ఆ పని ఎక్కువగా మోరి వంటి మైదానపు ఊళ్లలో జరుగుతుంది. అక్కడి ధర ఫోనులో తెలిసినంత మాత్రాన, నిల్వచేసే చోటూ వారం రోజులు ఆగే స్తోమతా లేని కుటుంబం సంతలో షావుకారు చెప్పిన ధరను కాదనలేదు.

అపోహ: సాంకేతికత అంటే యంత్రం.

ఊరి పేరులోనే ఉన్న అడ్డతీగ ఆకులను వెదురు పుల్లలతో కుట్టి విస్తరి చేయడం ఒక సాంకేతికత, అదే ఆకును వేడి అచ్చులో నొక్కి గుండ్రని పళ్లెం చేయడం మరొకటి. 2022 జులై 1 నుంచి ఒక్కసారి వాడి పారేసే ప్లాస్టిక్ వస్తువులు కొన్నింటిపై దేశమంతటా నిషేధం వచ్చాక రెండోదానిపై ఆసక్తి పెరగడం సహజమే. యంత్రమే లేని ఉదాహరణ మరింత విలువైనది, అది తపసి బంకది. దంతాల కట్టును అంటించే పొడుల నుంచి మందుల వరకు వాడే ఈ బంక కోసం పూర్వం గొడ్డలితో కాండాన్ని లోతుగా నరికేవారు. చెట్టు నీరసించేది, కారిన బంక నేలరాలి మట్టీ బెరడూ అంటుకుని తక్కువ గ్రేడులో పడేది. బెరడును పైపైన మాత్రమే చెక్కి, గాటు చిన్నదిగా ఉంచి, బంకను శుభ్రంగా సేకరించి ఆరబెట్టే పద్ధతిని విశాఖపట్నంలోని కోవెల్ ఫౌండేషన్ గిరిజన సేకర్తలకు నేర్పింది. పొలం తాకట్టు పెట్టకుండా, ఒక్క చెట్టు మీద, ఒక్క సీజనులో పరీక్షించి చూడగలగడం, తప్పినా నష్టం స్వల్పం కావడం ఈ పద్ధతికి కలిసివచ్చింది.

అయితే చిన్న గాటు వేసిన ఏడాది ఆ చెట్టు నుంచి వచ్చే బంక తగ్గవచ్చు. దానికి ప్రతిఫలం పై ఏడు కూడా చెట్టు బతికి ఉండడం. పై ఏడు ఆ చెట్టు మరొకరిది కావచ్చన్న సందేహం ఉన్నవాడికి గొడ్డలి దెబ్బే సరైన లెక్క. అడవిలో సంప్రదాయంగా సేకరించే చిన్నతరహా ఫలసాయంపై యాజమాన్య హక్కును 2006 నాటి అటవీ హక్కుల చట్టం గుర్తించింది. గాటు ఎంత లోతుకు దిగాలో తేల్చేవాటిలో ఆ హక్కు పత్రం కూడా ఒకటి.