మిడతల దండును చూపిన ఛాయాచిత్రములు

పిలువని చుట్టములు గుంపుగా వచ్చినపుడు “మిడతల దండు వలె వచ్చిపడిరి” అని మన పెద్దలు నవ్వుచు ననుట కలదు. బైబిలు చదువు బాలబాలికలు నిర్గమకాండమునందును, యోవేలు ప్రవక్త గ్రంథమునందును మిడతల కథను చదివియే యుందురు. ఇట్లు మాటలలో ఎఱిగిన యీ దండును కన్నులార చూచినవారు మన దువ్వూరు ప్రాంతమున అరుదు. కర్నూలు–కడప కాలువ క్రింద వరియు పసుపును పండించుకొను మనకు అది దూరదేశపు సంగతిగా తోచును. అయినను 2020వ సంవత్సరము మే నెలలో ఆ భయము రాయలసీమకును వచ్చెను. అది ఱెక్కలతో ఎగిరి రాలేదు. ఛాయాచిత్రముల రూపమున వచ్చెను.

ఆ మాసమున మిడతల దండులు రాజస్థానము దాటి మధ్యప్రదేశమునకును, మహారాష్ట్రమునకును వచ్చెను. అచ్చటి గ్రామస్థులు పళ్లెములు మ్రోగించుచు వానిని తఱుముచుండిరి. తెలంగాణ సరిహద్దు జిల్లాలలో అధికారులు రైతులను హెచ్చరించిరి. అదే సమయమున అనంతపురము జిల్లా రాయదుర్గమున జిల్లేడు చెట్లను మిడతలు గుంపులుగా కప్పివేసిన చిత్రములు చేతిఫోనులలో వ్యాపించెను. ఎడారి దండు మన సీమలో దిగెనని జనులు కలవరపడిరి. పరిశీలింపగా అవి స్థానికమైన జిల్లేడు మిడతలని తేలెను. పసుపు, నీలము చారలు గల ఆ పురుగులు జిల్లేడును మక్కువతో తినునవే గాని, దేశములు దాటి దండెత్తునవి కావు.

ఇందు చిత్రము అబద్ధము కాదు. చిత్రమునకు చేర్చిన మాట అబద్ధము. ఇట్టి పొరపాటు చిన్నది కాదు. దానిని నమ్మిన రైతు అక్కఱలేని మందు చల్లి తన సొమ్మును, పైరునకు మేలుచేయు తేనెటీగలను పోగొట్టుకొనును. ఒకసారి మోసపోయినవాడు నిజమైన ఆపద వచ్చిన నాడు హెచ్చరికను నమ్మడు. కావున దండు స్వభావమెట్టిదో, దానిని చూపు చిత్రమెట్టిదై యుండవలెనో తెలిసికొనుట మనకును అవసరమే.

ఎడారి మిడత ఒంటరిగా నున్నంతకాలము సాధువైన పురుగు. ఎడారిలో మంచి వాన కురిసి ఇసుక తడిసినపుడు ఆడ మిడతలు నేలలో గ్రుడ్లు పెట్టును. పిల్లలు విస్తారముగా పుట్టిన పిమ్మట పచ్చిక ఎండిపోవును. మిగిలిన కొద్దిపాటి పచ్చని చోట అవి క్రిక్కిఱిసి ఒకదాని నొకటి ఒరసికొనును. వెనుక కాళ్లకు తగులు ఆ ఒరపిడిచేతనే వాని నడవడి మాఱును; క్రమముగా రంగును మాఱును; అవి దండుగా కూడి కదలును. ఒంటరి మిడతయు దండు మిడతయు వేఱు జాతులు కావను సిద్ధాంతమును 1921లో ఉవరోవ్ అను శాస్త్రజ్ఞుడు వెల్లడించెను.

ఒక చదరపు కిలోమీటరు దండులో 4 కోట్ల మిడతలు ఉండవచ్చును. అట్టి దండు ఒక దినమున తిను తిండి 35,000 మంది మనుష్యుల తిండికి సమానమని ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ లెక్కించినది. గాలివాటున అది దినమునకు 150 కిలోమీటర్ల వఱకు పోగలదు. 2018 మే, అక్టోబరు నెలలలో అరేబియా ఎడారిమీద రెండు తుపానులు వర్షింపగా అచ్చట పెరిగిన మిడతలే పిదప తరములు తరములుగా వృద్ధిచెంది, ఆఫ్రికాకును, ఇరాను, పాకిస్థానుల మీదుగా మన దేశమునకును వచ్చెను.

ఇక చిత్రముల సంగతి. ఛాయాచిత్రము నమ్మదగిన సాక్ష్యము కావలెనన్న నెట్లుండవలయునో తెలుపుటకు నూఱేండ్లకు పైబడిన యొక దృష్టాంతము యెరూషలేములో కలదు. 1915 మార్చి నెలలో, మొదటి ప్రపంచయుద్ధము జరుగుచుండగా, పాలస్తీనాపై గొప్ప మిడతల దండు వచ్చిపడెను. ఆ నగరమున ‘అమెరికన్ కాలనీ’ అను క్రైస్తవ సమాజమువారికి ఒక ఛాయాచిత్రశాల యుండెను. స్వీడను దేశమున పుట్టిన లూయిస్ లార్సన్ దానికి పెద్ద. ఆయనయు సహచరులును మాసముల తరబడి ఆ యుపద్రవమును చిత్రించిరి. వారిలోని జాన్ వైటింగ్ వ్రాసిన వ్యాసము ఆ చిత్రములతో 1915 డిసెంబరు ‘నేషనల్ జియోగ్రాఫిక్’ పత్రికలో వెలువడెను. చేతితో రంగులు దిద్దిన ఆ చిత్రముల సంపుటి అమెరికాలోని కాంగ్రెసు గ్రంథాలయమున భద్రముగా నున్నది.

వారు ఆకాశము నల్లబడిన దృశ్యమును మాత్రమే తీసి ఊరకుండలేదు. నేలలో గ్రుడ్లు పెట్టుచున్న ఆడ మిడతను, గ్రుడ్లను, ఱెక్కలు రాని పిల్లలను, కుబుసము విడుచు మిడతను వరుసగా తీసిరి. ఆకులతో నిండిన అత్తిచెట్టు నొకసారియు, మిడతలు తినిపోయిన పిమ్మట మోడైన ఆ చెట్టునే మఱియొకసారియు తీసిరి. ఈ రెండు చిత్రములను ప్రక్కప్రక్కన చూచినవానికి నష్టమెంతయో వేఱుగ చెప్పనక్కఱలేదు. మిడత పిల్లలను రేకు పెట్టెలలోనికి తోలుచున్న జనులను గూడ చూపిరి. పురుషులొక్కొక్కరు 20 కిలోల గ్రుడ్లను త్రవ్వి తేవలెనని, లేనిచో జరిమానా చెల్లింపవలెనని నాటి ప్రభుత్వము శాసించెను. మిడతల బలము మాత్రమే గాక మనుష్యుని శ్రమయు ఆ చిత్రములలో నిలిచినది.

మన కాలమున 2020లో కెన్యా దేశమున లూయిస్ టాటో అను స్పెయిను దేశపు ఛాయాగ్రాహకుడు ఇట్టి పనినే చేసెను. సంబురు ప్రాంతమున ఆర్చర్స్ పోస్టు వద్ద మేతభూమిపై వ్రాలిన దండును ఆ గ్రామపెద్ద తఱుముచుండగా ఏప్రిలు 24వ తేదీన తీసిన చిత్రము వానిలో నొకటి. ఆ చిత్రమాలకు 2021లో ‘వరల్డ్ ప్రెస్ ఫోటో’ పోటీలో బహుమతి లభించెను. అందు మనము చూచునది మిడతలను మాత్రమే కాదు. మేత పోయినచో పశువులు బ్రదుకవని ఎఱిగిన మనుష్యుని.

అయినను ఏ చిత్రమైనను సర్వమును చూపజాలదు. దండు ఎగిరిపోయిన పిమ్మట చిత్రకారుడును మఱలిపోవును. ఆకలి మాత్రము అటుపిమ్మట వచ్చును. పాడి తగ్గిన మందయు, వచ్చే యేటి విత్తనమునకు అప్పుచేయు రైతును చూచుటకు ఆకాశమున వింత యేమియు ఉండదు. నిజమైన ఛాయాగ్రాహకుడు మరల అదే యూరికి పోయి, అదే చెట్టును, అదే చేనును, అదే మనుష్యుని చూచి రావలెను.

విద్యార్థులారా, నేడు మీలో అనేకుల యిండ్లలో చిత్రములు తీయు చేతిఫోను కలదు. పైరున ఏదేని పురుగు కనబడినచో దగ్గఱగా నొక చిత్రమును, చేనంతయు కనబడునట్లు మఱియొక చిత్రమును తీయుడు. ఊరు, తేదీ, పురుగున్న మొక్క పేరు వ్రాసికొనుడు. మనుష్యుని తీయదలచినచో ముందు అనుమతి యడుగుడు; అతని కష్టము మీకు వినోదము కారాదు. వ్యవసాయాధికారికి చూపి పురుగు పేరు తెలిసికొనకముందు ఎవ్వరికిని పంపకుడు. దండు రాని యూరిలో భయము పుట్టింపక, దండు వచ్చిన యూరి కష్టమును మఱుగుపఱుపక యుండుటయే చిత్రము తీయువాని ధర్మము. యెరూషలేములోని ఆ అత్తిచెట్టు చిత్రములు నేటికిని మనకు బోధించునది ఇదియే.