రైలు పట్నంలో ఇసుక నది

పేరుంది, ఏరుంది, నీరే లేదు. బిలాస్‌పూర్‌ను పెంచిన అర్పా ఇప్పుడు వానాకాలపు అతిథి

బిలాస్‌పూర్ నుంచి కట్నీ వైపు వెళ్లే ప్యాసింజరులో కిటికీ పక్కన కూర్చుంటే, కార్గీ రోడ్ దాటాక వరిచేలు వెనకబడి అడవి మొదలవుతుంది. బెల్గహనా, ఖోంగ్‌సరా, భన్వర్‌టోంక్ సొరంగం, ఖోద్రీ... రైలు రొప్పుతూ ఎక్కే ఆ కొండల్లోంచే అర్పా కిందికి దిగుతుంది.

పెండ్రా దగ్గరి పొలాల్లో చెమ్మగా మొదలయ్యే ఈ నది మొత్తం నడక 150 కిలోమీటర్లు కూడా ఉండదు. మన లెక్కలో పెద్ద వాగు. కోటా అడవులు దాటి మైదానంలోకి వచ్చి, బిలాస్‌పూర్‌ను చీల్చుకుంటూ సాగి, శివనాథ్‌లో కలుస్తుంది. శివనాథ్ మహానదిలో చేరుతుంది. అక్కడి నుంచి హీరాకుడ్ మీదుగా బంగాళాఖాతం. కొలతకు చిన్నదైనా గౌరవానికి కాదు. 2019లో ఛత్తీస్‌గఢ్ ఎంచుకున్న రాష్ట్ర గీతం మొదట తలిచే నది ఇదే.

ఊరికి పేరిచ్చింది బిలాసా అనే కేవట్ స్త్రీ అని స్థానికుల నమ్మకం. కేవట్లంటే పడవలు నడిపేవారు, చేపలు పట్టేవారు. అంటే రైలు కన్నా ముందు ఇది ఏటి ఒడ్డు పల్లె. తర్వాత 1887లో ఏర్పడిన బెంగాల్ నాగపూర్ రైల్వే దాన్ని జంక్షన్‌గా మార్చింది. రైలు కొలువుల కోసం వచ్చినవారిలో తెలుగువారూ ఉన్నారు. 2003 నుంచి ఆగ్నేయ మధ్య రైల్వేకు ఇదే కేంద్రం.

పట్నం పెరిగింది, ఏరు తరిగింది. అర్పాకు మంచు కొండల అండ లేదు, వానే ఆధారం. వాన వెలిశాక దాన్ని బతికించేది ఇసుకే. స్పంజులా నీటిని పీల్చి దాచుకుని, ఎండాకాలంలో ఒడ్డున ఉన్న బావులకు కొంచెం కొంచెంగా వదులుతుంది. ఆ ఇసుకను లారీలకెత్తితే మిగిలేది గోతులు. 2023 జూలైలో సెందరి వద్ద అలాంటి గోతిలో మునిగి ముగ్గురు బాలికలు చనిపోయారు. అక్రమ తవ్వకాల వ్యవహారం బిలాస్‌పూర్‌లోనే ఉన్న హైకోర్టుకెక్కింది.

నీరు నిలపడానికి నగరంలో పచరీఘాట్, శివఘాట్‌ల వద్ద బ్యారేజీలు తలపెట్టారు. కానీ నిలపాలంటే ముందు పైనుంచి రావాలి కదా! అడవి పలచబడి, ఊటలు ఎండి, ఇసుక తరలిపోతే గేట్లు ఆపేది వాననీటినీ, ఊరి మురుగునూ మాత్రమే.

అసలు విడ్డూరం మరొకటి. ఏటి ఒడ్డున పుట్టిన ఈ ఊరికి తాగునీరు రతన్‌పూర్ దగ్గరి ఖూటాఘాట్ జలాశయం నుంచి గొట్టాల్లో తెచ్చే ఏర్పాటు చేశారు. ఆ జలాశయం కట్టింది ఖారంగ్ మీద. ఖారంగ్ ఎవరో కాదు, అర్పాకు ఉపనదే. తల్లి ఎండిపోతే బిడ్డ దగ్గర అప్పు తెచ్చుకుంటున్నట్టుంది. ఆ అప్పు ఎన్నాళ్లు పుడుతుందన్నదే ప్రశ్న.