చేతిబ్రేకు, ఉప్పుగాలి

ఖతార్ ద్వీపకల్పపు ఉత్తరాగ్రాన, దోహా నగరానికి సుమారు 100 కిలోమీటర్ల దూరంలో మదీనత్ అల్ షమాల్ పట్టణం ఉన్నది. ‘ఉత్తర నగరం’ అని ఆ పేరుకు అర్థం. నేల అరచేయి వలె చదును. దేశం మొత్తంలో అత్యున్నత స్థలం ఎత్తే 103 మీటర్లు. ఇటువంటి చోట కారు నిలిపినవారు గేరును ‘పి’ స్థానంలో ఉంచి దిగిపోవడమే గాని చేతిబ్రేకు జోలికి పోరు. లాగకున్నా బండి ఎక్కడికీ పోదు గదా! ఈ నిరుపయోగమే ఆ బ్రేకుకు మొదటి శత్రువు.

కాలిబ్రేకు ద్రవపీడనంతో పనిచేస్తుంది. పాదం ప్రయోగించిన బలాన్ని గొట్టాలలోని ద్రవం నాలుగు చక్రాలకూ చేరవేస్తుంది. చేతిబ్రేకుకు ద్రవంతో నిమిత్తం లేదు. మెలివేసిన ఉక్కుతీగల కేబుల్ వెనుక చక్రాల బ్రేకులను నేరుగా బిగిస్తుంది. 1921లో డ్యూసెన్‌బర్గ్ కారుతో నాలుగు చక్రాలకూ ద్రవబ్రేకులు వచ్చిన పిదప కూడ ఈ పాత పద్ధతి నిలిచి ఉండడానికి కారణం ఈ స్వాతంత్ర్యమే. ఒకటి విఫలమైనా రెండవది మిగలాలి. 1960 దశకంలో ద్రవమార్గాన్నే రెండుగా విభజించే పద్ధతి వ్యాపించడంతో దీని ‘ఎమర్జెన్సీ’ బాధ్యత కొంత తగ్గినది గాని తీరిపోలేదు.

ఎందుకు తీరలేదో రసాయన శాస్త్రం చెబుతుంది. సాధారణ బ్రేకుద్రవం గ్లైకాల్ ఈథర్ల మిశ్రమం. ఈ అణువులకు నీటిపై మక్కువ ఎక్కువ. రబ్బరు గొట్టాల గుండా సైతం గాలిలోని తేమను మెల్లగా పీల్చుకుంటాయి. ‘డాట్ 3’ రకపు ద్రవం కొత్తగా ఉన్నపుడు కనీసం 205 డిగ్రీల సెల్సియస్ వరకు మరగరాదని ప్రమాణం. అందులో 3.7 శాతం నీరు చేరిన స్థితికి ఆ ప్రమాణం 140 డిగ్రీలే. సముద్రపు తేమ, వేసవి తాపం రెండూ ఉన్న షమాల్ తీరంలో ఈ తేడా చిన్నది కాదు. ద్రవం మరిగితే ఆవిరిబుడగలు ఏర్పడతాయి. ద్రవం నొక్కుకు లొంగదు, ఆవిరి లొంగుతుంది. ఫలితంగా పెడల్ నేలను తాకినా బండి ఆగదు. చేతిబ్రేకును విడువక మరచి నడిపితే వెనుక చక్రాల ఒరిపిడి వేడికి కూడ ఇదే ప్రమాదం. ఆపదలో ఆదుకోవలసినదే ఆపద తెస్తుందన్న మాట!

పెడల్ కుంగినపుడు దానిని గబగబ పలుమార్లు తొక్కుతూ, గేరు తగ్గిస్తూ, చేతిబ్రేకును క్రమంగా లాగాలి. ఒక్కుమ్మడిగా గుంజడం మహాప్రమాదం. బండి వేగం తగ్గుతున్నపుడు భారం ముందు చక్రాల మీదికి ఒరుగుతుంది. తేలికపడిన వెనుక చక్రాలు బిగుసుకొని జారితే కారు గిర్రున తిరుగుతుంది. అందుచేత మీట చివరనున్న బొత్తామును నొక్కిపట్టే లాగాలి. చక్రం జారితే వెంటనే వదలవచ్చును. ఓర్పు కూడ కావాలి. గంటకు 100 కిలోమీటర్ల వేగంలో మంచి కాలిబ్రేకు సుమారు 55 మీటర్లలో ఆపగలిగితే, అందులో మూడోవంతు పట్టు గల చేతిబ్రేకుకు 160 మీటర్లు దాటుతుంది. మీటకు బదులు విద్యుత్ బొత్తాము గల కార్లలో అనేకం, దానిని ఎత్తిపట్టి ఉంచినంతసేపు ఈ నియంత్రణను తామే చేస్తాయి.

ఆ క్షణాన కేబుల్ కదలాలి గదా? మహాసముద్రాల నీటిలో లీటరుకు సుమారు 35 గ్రాముల లవణాలుంటే గల్ఫ్ జలాలలో 40 గ్రాములకు పైనే. ఆ ఉప్పు గాలితో, ధూళితో వచ్చి కేబుల్ తొడుగు చివరలలో చేరుతుంది. క్లోరైడు అయాన్లు ఉక్కుపై రక్షణపొరను ఛేదిస్తాయి. పుట్టిన తుప్పు అసలు ఇనుముకంటె రెండింతలకు పైగా చోటు ఆక్రమించి తీగను తొడుగులోనే బంధిస్తుంది. రోజూ లాగి వదిలే కేబుల్ ఇంత త్వరగా బిగుసుకోదు. ఖర్చులేని వైద్యం!

సెలవులకు స్వదేశం వచ్చి తిరుమల ఘాట్ రోడ్డు ఎక్కేవారికి మరొక మాట. ‘పి’ స్థానంలో బండిని పట్టి ఉంచేది గేరుపెట్టెలోని ఒక చిన్న లోహపు కొక్కెం మాత్రమే. వాలులో బండి బరువంతా దానిపై వేయరాదు. కాలిబ్రేకు తొక్కి, న్యూట్రల్‌లో చేతిబ్రేకు లాగి, బరువు దానిపై నిలిచిన పిదపనే ‘పి’కి మార్చాలి. ముందు చక్రాలను కొండవైపు త్రిప్పి, ఎడ్లబండికి పెట్టినట్లు ఒక రాయిని అడ్డం వేస్తే మరీ మంచిది.

ఒక్క మినహాయింపు ఉన్నది. రెండు నెలల సెలవుకు పోతూ షమాల్‌లో కారును వదిలేవారు మాత్రం చేతిబ్రేకు వేయరాదు. తేమకు డ్రమ్ము తుప్పుపట్టి, బ్రేకు పట్టీ దానికి అతుక్కొనిపోతుంది. చదును నేల మీద గేరు, చక్రాల క్రింద రెండు చెక్కదిమ్మలు చాలును.